రెండు తెరల మధ్య పట్టీ

జూన్ 4

కంటి డాక్టరుది పుస్తకం పట్టిన మొహం కాదు. గోడ నిండా సర్టిఫికెట్లు తగిలించుకుంది. వాటిలో ఒకటి వంకరగా వేలాడుతోంది. ఆ మాట చెబితే, "భలే కనిపెట్టారండీ, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు" అంది. అంటే నాకు కనిపిస్తోందని ఆవిడే ఒప్పుకున్నట్టు. అంత ఒప్పుకున్నాక గళ్ళ కాగితం ఒకటి చేతిలో పెట్టి, మధ్యలో చుక్క కనిపిస్తోందా అని అడగడం దేనికి?

ఉందన్నాను. మధ్యలో పెట్టిన చుక్క మధ్యలో కాక ఇంకెక్కడ ఉంటుంది?

ఆవిడ కాగితం వెనక్కి తీసుకుంది. తర్వాత చంటిపిల్లలకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది. చూపు అంచుల్లో ఉంటుందట, మధ్యలోనే చెదిరిపోతూ వస్తుందట. కుడికన్ను ముందు, ఎడమది వెనక. ఉన్నదాన్ని నిలబెట్టడానికి మందు ఉంది, పోయినదాన్ని తెచ్చే మందు లేదు.

"మీరేం పని చేస్తారండీ?" అంది. ప్రూఫులు చూస్తానని చెప్పాను.

"అయ్యో" అంది.

డాక్టర్లు అనకూడని మాట అది. వాళ్ళకు చదువు చెప్పేటప్పుడే దాన్ని నోట్లోంచి పీకెయ్యాలి.

బయట బెంచీ మీద కూతురు. "ఏమన్నారు నాన్నా?"

"వయసు అంది."

అబద్ధమేమీ కాదు.

జూన్ 6

అల్లుడి బల్ల మీద మూడు మానిటర్లున్నాయి. మూడింటిలోనూ కలిపి ఒక్క వాక్యం తిన్నగా రాయలేడు.

జూన్ 9

ప్రెస్సులో ఇవాళ పంచాయితీ. యజమానురాలు మమ్మల్నిద్దరినీ ఒకేసారి పిలిచింది. నిఘంటువు రెండో కూర్పు పని మొదలైనప్పటి నుంచి ఆ గదిలో నేనూ బావమరిదీ ఒకేసారి ఉండటం ఇదే మొదలు. నేను పొద్దున వెళ్తాను, వాడు మధ్యాహ్నం వస్తాడు. నేను దిగే మెట్ల మీద వాడి గొడుగు చప్పుడు వినిపిస్తే ఆగి, మిషన్ల హాలు వైపు నుంచి బయటికి పోతాను. మిషన్లు తీసేసి చాన్నాళ్ళయింది. వాటిని బిగించిన నేల మీద మచ్చలు మాత్రం ఉన్నాయి.

సంగతి ఇదీ. మేము వాడుతున్న రెండు చిన్న మానిటర్లు లెక్కల విభాగం వాళ్ళవి. ఎడమ దానిలో పాత కూర్పు పుట బొమ్మగా కనిపిస్తుంది. కుడి దానిలో ఆ పుటను కంప్యూటరు తనంతట తాను చదివి మళ్ళీ అక్షరాలుగా పేర్చిన పాఠం, దానికి చేర్చిన కొత్త అర్థాలు. ఎడమది చూసుకుంటూ కుడిది దిద్దడం మా పని. ఇప్పుడు వాళ్ళ మానిటర్లు వాళ్ళకు కావాలట.

"నా ప్రాణం తీసేస్తున్నారు బాబాయ్‌గారూ" అంది యజమానురాలు. "సరే, కొత్తవి కొంటాను. పెద్దది ఒకటి కొనమంటారా, చిన్నవి రెండు కొనమంటారా? రెండూ అంటే మాత్రం నా వల్ల కాదు. ఇద్దరూ ఒక మాట మీదికి రండి చాలు."

ఒక మాట మీదికి. మాటలు పోగేసి పుస్తకం చేశాం గానీ ఒక మాట మీదికి ఎప్పుడొచ్చాం?

బావమరిది గొంతు సవరించుకుని, "పెద్దది ఒకటి చాలమ్మా" అన్నాడు. "ఇద్దరం ఒకే పూట వస్తాం. పక్కపక్కన కూర్చుంటాం. నేను పైకి చదువుతాను, ఆయన వింటారు. పూర్వం అలాగే చేసేవాళ్ళం."

ఆయన. నేనేదో పక్క ఊరి మునసబునైనట్టు.

"రెండు చిన్నవి" అన్నాను, ఆ పిల్లతోనే. "ఆయన మధ్యాహ్నం రావచ్చు, ఇప్పుడొస్తున్నట్టే. నాకేం అభ్యంతరం లేదు."

"పెద్దదైతే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని చెప్పమ్మా."

"అక్షరాలు చిన్నవని ఎవరన్నారో అడుగమ్మా."

ఆ పిల్ల అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ, "మెడ పట్టేసింది నాకు. మీరే తేల్చుకోండి" అని లేచిపోయింది. చిన్నప్పుడు ఇదే బల్ల కింద దూరి మా చెప్పులు మార్చేసేది.

పక్కన కూర్చోబెట్టుకుని వాడు చదవడమూ నేను వినడమూ ఎందుకో నాకు తెలియదనుకున్నాడు. చదివేవాడు పండితుడు. వినేవాడు తోడ్పడినవాడు. మొదటి కూర్పు ముందుమాటలో నన్ను గురించి వాడు రాసిన మాట అదే: "అచ్చుతప్పులు దిద్ది తోడ్పడ్డారు." సగం అర్థాలు నేను రాశాను. క నుంచి ణ దాకా ప్రతి మాటకూ మొదటి చిత్తు నాది. తోడ్పడ్డానట. ఈ సంగతి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో. రాస్తే తీరేది కాదు, అయినా రాస్తాను.

ఈసారి ఇద్దరి పేర్లూ ఒకే వరసలో, ఒకే సైజులో వేస్తానని యజమానురాలు మాటిచ్చింది. అది జరిగేదాకా నేను ఆ గది వదలను.

జూన్ 10

నిన్న ఒక సంగతి రాయలేదు. ప్రెస్సులో ప్రతి పుట మీదా రెండు సంతకాలుండాలి, నాదొకటి, వాడిదొకటి. ఒక సంతకం లేకపోతే పుట అచ్చుకు పోదు. ఆ పిల్ల తండ్రి, పోయిన పాత యజమాని, పెట్టిన నియమం. మంచి నియమమే. ఆయన చేసిన మంచి పనులు లెక్కపెట్టడం సులువు.

ఇంకో ప్రూఫ్‌రీడరు ఉండేవాడు, పాఠ్యపుస్తకాలు చూసేవాడు. నిరుడు అతనికి చూపు మందగించిందని తెలియగానే మీటింగు పెట్టి, పొగిడి, గోడగడియారం ఒకటి చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. అతనికి దాని ముళ్ళు కనిపించవన్న సంగతి మీటింగులో ఎవరికీ తోచలేదు.

జూన్ 13

షాపువాడు పెద్ద మానిటరు పట్టుకొచ్చాడు, ఒక రోజు వాడి చూడమని. తలుపు రెక్కంత ఉంది. పాత పుటా కొత్త పాఠమూ పక్కపక్కన, మధ్యలో అడ్డం లేకుండా, చేటంత అక్షరాలతో.

కూర్చున్నాను. చదవబోయాను. ఎక్కడ చూపు ఆనిస్తే అక్కడ మసక. నీళ్ళు పడి అలికినట్టు. పక్కకు జరిగితే అదీ జరిగింది.

"ఇది లోపం ఉన్న సరుకు" అన్నాను.

షాపువాడు కంగారుపడ్డాడు. తెల్లరంగు వేశాడు, నల్లరంగు వేశాడు, ఎర్రదీ పచ్చదీ వేశాడు. "ఎక్కడ సార్? ఇక్కడా?"

"అక్కడే."

"ఇక్కడేం లేదు సార్."

"నీ సరుకు నీకు ముద్దుగానే ఉంటుంది."

వాడు నవ్వాడు, పాపం. "సార్, కావాలంటే మీరు చెప్పండి, నేను వేలు పెడతాను. ఆ మచ్చ మీద నా వేలు పడగానే ఆపండి." వేలు తెర మీద జరుపుకుంటూ పోయాడు. ఆ వేలు చివర నాకు కనిపించలేదు. చెయ్యి ఉంది, మణికట్టు ఉంది, వేలు చివర లేదు. "ఆపు" అన్నాను ఎక్కడో ఒకచోట. ఎక్కడో ఒకచోట అనాలిగా.

తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. గొడుగు పట్టుకున్న తీరును బట్టి బావమరిది. వాడు రావాల్సిన వేళ కాదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

పెద్దది వద్దని షాపువాడితో తిప్పి పంపేశాను.

జూన్ 14

రెండు చిన్నవే. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

జూన్ 17

రెండు చిన్న మానిటర్ల వల్ల లాభం ఏమిటో యజమానురాలికి చెప్పడానికి మాటలు కూర్చుకుంటున్నాను. రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడు వాటి అంచులు కలిసి మధ్యలో ఒక నల్ల పట్టీ నిలువుగా ఏర్పడుతుంది. తెలియనివాళ్ళు దాన్ని లోపం అంటారు. అల్లుడు కూడా అన్నాడు: "ఆ గీత చిరాగ్గా ఉండదూ మామయ్యా?" వాడి మూడింటి మధ్య రెండు గీతలున్నాయి, వాడికి చిరాకు లేదు.

ఆ పట్టీలో ఒక న్యాయం ఉంది. పాతది ఇటు, కొత్తది అటు, మధ్యలో హద్దు. చూపును ఆ పట్టీ మీద ఆనించి కదలకుండా కూర్చోవాలి. అప్పుడు అటూ ఇటూ ఉన్న అక్షరాలు వాటంతటవే వస్తాయి. మధ్యలో ఏమీ లేదంటే నిజంగానే అక్కడ ఏమీ ఉండదు కాబట్టి. పెద్దదానిలో ఈ సౌకర్యం లేదు. అందులో ప్రతిచోటా ఏదో ఒకటి ఉంటుంది.

ఇవాళ ప, ఫ ముగించాను. మునుపటి కంటే వేగంగా పోతోంది పని. మొదటి కూర్పులో ఏ పుటలో ఏ మాట ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. పుట ఇలా చూస్తే చాలు, మొత్తం చదివేసినట్టే. మనిషి వయసుతో మెరుగుపడే పనులు కొన్ని ఉంటాయి.

జూన్ 20

పొద్దున్నే కూతురు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాన్నా, ఒకటడుగుతాను, కోప్పడకు. నాతో మాట్లాడుతూ నా చెవి వైపు చూస్తావేంటి?"

"నీ చెవికే కదా వినిపించాల్సింది."

"జోకులొద్దు. మొన్న మా ఆయన్ని కూడా అలాగే చూశావట. మామయ్యకి నా మీద ఏదైనా కోపమా అని అడిగారు."

"అది కూడా నిజమే."

నవ్వలేదు. నవ్విందేమో, తెలియలేదు. దాని మొహం నాకు బాగా తెలుసు. వాళ్ళమ్మ గడ్డం, మా అమ్మ నుదురు, ఎడమ కనుబొమ్మలో చిన్నప్పటి గాటు. ఇంత తెలిసిన మొహాన్ని చూడకపోతే ఏం?

"డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్దాం, నేను లోపలికి వస్తాను" అంది.

"ముందు నిఘంటువు కానీ."

"మామయ్య ఫోన్ చేశాడు నిన్న."

"ఎవరి మామయ్య?"

"నాకెంతమంది మామయ్యలున్నారు నాన్నా?"

ఏమన్నాడని అడగలేదు. అది చెప్పలేదు. వాళ్ళమ్మ ఉన్నప్పుడు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. వాడు వచ్చి హాల్లో కూర్చుని, "అక్కా, బావ ఆ అకారాదిలో పుట తప్పు వేశాడు, చెప్పు" అనేవాడు. నేను అదే హాల్లో పేపరు చాటున ఉండి, "మీ తమ్ముడు కళ్ళద్దాలు మార్చుకోవాలేమో కనుక్కో" అనేవాణ్ణి. ఆవిడ మధ్యలో ఉల్లిపాయలు తరుగుతూ ఎవరి మాట వాళ్ళకు అందించేది. అందించేటప్పుడు కొంచెం మెత్తబరిచి అందించేదని ఇప్పుడు తెలుస్తోంది. నేను విన్న బావమరిది మాటలన్నీ ఆవిడ దిద్దినవే.

జూన్ 24

ఇవాళ్టిది రాయాలి, ఉన్నదున్నట్టు.

మధ్యాహ్నం భోజనం వేళ కళ్ళజోడు పెట్టె మరిచిపోయానని మళ్ళీ ప్రెస్సుకు వెళ్ళాను. మెట్లెక్కితే గదిలో వాడు. పొద్దున నేను సంతకం పెట్టిన బ అక్షరం పుటలు ముందేసుకుని, కుడి మానిటరులో కొట్టేస్తున్నాడు, మారుస్తున్నాడు. ఒకటా రెండా! టకటకమని.

ఇన్నేళ్ళ తర్వాత దొంగ దొరికాడు. నేను చూసి సంతకం పెట్టిన పాఠాన్ని నా వెనక మార్చడం! రేపు అచ్చయ్యాక ఎవడేమన్నా, తోడ్పడినవాడి తప్పులు నేను దిద్దుకున్నానని మళ్ళీ రాసుకోవడానికేగా?

గట్టిగానే అరిచాను. కింద లెక్కల విభాగం వాళ్ళు కుర్చీలు జరుపుకోవడం వినిపించింది. యజమానురాలు పరుగెత్తుకుంటూ పైకొచ్చింది.

"ఏమైంది బాబాయ్‌గారూ?"

"అడుగు. నా సంతకం పెట్టిన పుటలు ఎందుకు మారుస్తున్నాడో అడుగు!"

వాడు లేచి నిలబడ్డాడు. చెప్పడానికి వాడికి కావలసినంత ఉంది. ఆ పిల్ల ఎదురుగా ఒక్క మాట అంటే చాలు, నాకూ ఒక గోడగడియారం వచ్చేసేది. నేను కాచుకుని ఉన్నాను.

"అవునమ్మా, నేనే మార్చాను" అన్నాడు. "చాదస్తం. ఒకసారి చూసినదాన్ని ఊరుకోబుద్ధి కాదు. ఆయన తప్పేం లేదు."

"చిన్నబాబాయ్, సంతకం అయ్యాక ముట్టుకోకూడదు కదా! అది మా నాన్న రూలు."

"తప్పే. ఇంక ముట్టుకోను."

ఆ పిల్ల తల పట్టుకుని దిగిపోయింది. నేనూ పోబోయాను.

"బావా" అన్నాడు.

నాతోనే. గదిలో ఇంకెవరూ లేరు.

"బావా, నువ్వు చదవట్లేదు. అప్పజెప్తున్నావు."

"ఏం కూశావ్?"

"తెర మీద ఉన్నది కాదు నువ్వు చూసేది. పాత పుస్తకంలో ఉన్నది అప్పజెప్పుకుంటూ పోతున్నావు. కంప్యూటరు తప్పు చదివినవన్నీ అలాగే ఉండిపోతున్నాయి. మాటకి మాట ఎగిరిపోయినా సంతకం పెడుతున్నావు. ఆ షాపువాడి వేలు నీకు కనపళ్ళేదు. చూశాను."

"అప్పుడే ఆ పిల్లతో చెప్పకపోయావా? ఇప్పుడైనా చెప్పు, పో!"

"చెప్పాలనుంటే ఇందాక చెప్పనూ? పెద్దది ఒకటి కొనమన్నదెందుకనుకున్నావ్? పక్కన కూర్చుంటే నేను చదువుతాను, నువ్వు వింటావు. ఎవరికీ తెలియదు."

వాడే మళ్ళీ అన్నాడు, నెమ్మదిగా.

"ఉచ్చులు పెట్టాను బావా. ఒక్కటీ పట్టుకోలేదు నువ్వు."

మొదటి కూర్పు రోజుల్లో అది మా ఇద్దరి మధ్య అలవాటు. మనసు మొద్దుబారి అక్షరాల మీదుగా జారిపోకుండా ఒకరి ప్రూఫులో ఒకరు ఒక తప్పుడు అర్థం కావాలని ఇరికించేవాళ్ళం. సాయంత్రంలోగా పట్టుకోకపోతే ఓడినవాడు టీ తాగించాలి. నేను ఎప్పుడూ ఓడలేదు. వాడు నాకు తాగించిన టీలతో ఒక చెరువు నిండుతుంది.

"ఏం పెట్టావు?"

"నిచ్చెన అంటే పాలిచ్చే జంతువు అని పెట్టాను. సంతకం పెట్టావు. పెరుగు అంటే దూరదేశపు పడవ అన్నాను. పెట్టావు. సరే, ఏదో ధ్యాసలో ఉన్నాడు అనుకున్నాను. నిన్న బ దగ్గర ఇంకోటి పెట్టాను."

"ఏమని?"

వాడు మానిటరు వైపు తిరిగాడు.

"బావ: ఈ పుస్తకంలో సగం రాసినవాడు."

కింద ఎవరో తలుపు వేశారు.

"దానికీ సంతకం పెట్టావు" అన్నాడు.

"ఏదీ?"

"తీసేశాను."

"ఎందుకు తీశావు?"

"ఉచ్చు ఉచ్చే బావా. పుట అచ్చుకు పోయేలోగా తియ్యాలి. నువ్వు పెట్టిన నియమమేగా అది."

జూన్ 25

వెళ్ళలేదు.

జూన్ 26

వాడు దాన్ని ముందుమాటలో రాయాల్సింది, ఉచ్చులో కాదు. అప్పుడు చూపు బాగుండేది నాకు.

ముందుమాటలో ఎందుకలా రాశావని మొన్ననే అడగాల్సింది, అడగలేదు. ఆ పిల్ల తండ్రి రాయించాడని అంటాడేమో. అది నిజమైతే ఇన్నేళ్ళ కోపం ఎక్కడ పెట్టుకోవాలి? చచ్చినవాడి మీద పెట్టుకుంటే ఉపయోగం ఏముంది?

జూన్ 27

నేను సంతకం పెట్టిన పుటల నకళ్ళు ఇంట్లో ఉన్నాయి. ప అక్షరం తీసి కూతురి చేతికిచ్చి, "పైకి చదువు. ఉన్నదున్నట్టు చదువు, నువ్వు సవరించకు" అన్నాను.

సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఉత్సాహంగానే మొదలుపెట్టింది. కాసేపటికి ఒక మాట దగ్గర ఆగి, "ఇదేంటి, సగమే ఉంది?" అని నవ్వింది. ఇంకొంచెం చదివి, "ఇక్కడ అర్థం లేదు, పక్క మాట అర్థం వచ్చి పడింది" అంది. మరో పుటలో ఒక వరస రెండుసార్లు ఉంది. అలా చదువుతూ చదువుతూ నవ్వడం మానేసింది.

"నాన్నా, ఇవి నువ్వు చూసినవేనా?"

"కింద సంతకం ఎవరిది?"

తప్పు వచ్చినప్పుడల్లా ఆగకుండా, గొంతు తగ్గించి చదువుకుంటూ పోయింది. నేను వినకుండా ఉండాలని కాబోలు. కానీ వినడంలో నాకేం లోపం లేదు. ఎగిరిపోయిన ప్రతి అక్షరమూ వినిపించింది.

ఇవన్నీ వాడు మధ్యాహ్నాలు కూర్చుని దిద్దాడు. అచ్చుకు పోయిన పాఠంలో తప్పుల్లేవు. నేను నోరెత్తకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. పేర్లు ఒకే వరసలో పడతాయి. వాడు మాట తప్పడు, ఎవరికీ చెప్పడు. వాడి సంగతి నాకు తెలియదా!

జీవితమంతా ఇతరుల అజాగ్రత్త మీద కోపంతో బతికినవాణ్ణి. పుస్తకం తెరిస్తే అచ్చుతప్పు పట్టుకుని ఆ ప్రచురణకర్తకు ఉత్తరం రాసినవాణ్ణి. చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టినవాడెవడైనా దొరికితే ఏం రాసేవాణ్ణో నాకు తెలుసు.

కూతురు చదవడం ఆపి నా పక్కకు వచ్చి కూర్చుంది. నేనే చెప్పాను, గళ్ళ కాగితం దగ్గర నుంచి.

జూలై 1

యజమానురాలి గదిలోకి కూతురిని రానివ్వలేదు, బయటే ఉండమన్నాను.

"కూర్చోండి బాబాయ్‌గారూ. మానిటర్ల గురించేగా? చిన్నవి రెండూ ఆర్డర్ పెట్టేస్తున్నా, మీ మాటే నెగ్గింది. సంతోషమేనా?"

"పెట్టకు. నాకు చూపు పోతోంది" అన్నాను. "మధ్యలో. ద నుంచి బ దాకా నా సంతకాలు కొట్టెయ్యి. ఆ పుటలు నేను చూడలేదు. వాటిని సరిగ్గా చూసినవాడు మీ చిన్నబాబాయి ఒక్కడే."

ఆ పిల్ల బల్ల మీద పెన్ను ఎత్తడం, పెట్టడం, మళ్ళీ ఎత్తడం వినిపించింది.

"ఆరోజు గొడవ దీని గురించేనా?"

"అవును."

"మరి చిన్నబాబాయ్ తనదే తప్పన్నాడేంటి?"

"వాడికి అబద్ధం చెప్పడం రాదు. నువ్వు కనిపెట్టాల్సింది."

"బాబాయ్‌గారూ..." అని ఆగింది. తండ్రిలా కాదు, ఈ పిల్లకు ఇబ్బందిపడటం తెలుసు. "రెండో సంతకం లేకుండా పుటలు పంపలేను. కొత్త మనిషిని పెట్టుకోవాలి. సంపాదకులు అని పేరు వెయ్యాలంటే మావాళ్ళు అడుగుతారు, ఏం చూశారు అని. నేనేం చెప్పను?"

"ఉన్నది చెప్పు."

"పేరు సంగతి ఇప్పుడేం మాటివ్వలేను."

"మాటివ్వమని నేనడిగానా?"

గడియారం ఇస్తానని మాత్రం అనలేదు. లేచి తలుపు దాకా వచ్చాక, "వినడానికి మీరొస్తారా?" అంది. "చిన్నబాబాయ్ చదివితే? కొత్తమనిషికి పాత కూర్పు సంగతులేం తెలుస్తాయి?"

"ఏది కొంటావు?"

"అదేదో మీరే చెప్పండి."

"పెద్దది కొను. చదివేవాడికి తేలిగ్గా ఉంటుంది."

బయట కూతురు చెయ్యి పట్టుకోబోయింది. మెట్లు నాకు తెలుసన్నాను. తెలుసు కానీ, పట్టుకోనిచ్చాను.

జూలై 3

కొత్తమనిషిని పెట్టారట. ఎవరో అమ్మాయి, చదువుకున్నదే. చూడాలి. అంటే వినాలి.

జూలై 6

పెద్దది గోడ వైపు పెట్టారు. దాని ఎదురుగా వాడి కుర్చీ. పక్కన రెండో కుర్చీ వేశారు నా కోసం, తెరకేసి తిప్పి. దాన్ని నేను కిటికీ వైపు తిప్పుకున్నాను. తెర చూస్తూ కూర్చుంటే మళ్ళీ అప్పజెప్పడం మొదలవుతుంది. కిటికీలోంచి ఎదుటి మేడ అంచు కనిపిస్తుంది, ఆకాశం కొంత కనిపిస్తుంది. వాటిల్లో అచ్చుతప్పులుండవు.

వాడు వచ్చాడు. గొడుగు మూల పెట్టాడు. కుర్చీ రెండుసార్లు జరుపుకున్నాడు.

"భ మొదలుపెట్టనా?" అన్నాడు.

"బ మళ్ళీ చదువు. నేను చూడలేదు."

"నేను చూశాగా బావా. తప్పుల్లేవు."

"నువ్వు చూస్తే నీ సంతకానికి సరిపోయింది. నాకు వినాలి."

చదవడం మొదలుపెట్టాడు. మాట, కామా, అర్థం, కామా, ఇంకో అర్థం, ఫుల్‌స్టాప్. ముసలివాడయ్యాడు, గొంతులో గరగర వచ్చింది. మూడో పుటలో ఒక అర్థం దగ్గర ఆపి, ఇది పాతదాని కంటే పలచబడింది అన్నాను. కాదన్నాడు. వాదించుకున్నాం. కొత్త అమ్మాయి మధ్యలో ఏదో చెప్పబోతే ఇద్దరం కలిసి కసిరాం. తర్వాత ఆ అమ్మాయి చెప్పినదే సరి అని తేలింది. దిద్దాడు.

"బావ" దగ్గరికొచ్చాడు. అక్కడ వేగం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అక్క భర్త, కామా, మేనత్త కొడుకు, కామా, మేనమామ కొడుకు, ఫుల్‌స్టాప్. పాత కూర్పులో ఉన్నదే. సరిగ్గానే ఉంది. మార్చాల్సింది ఏమీ లేదు. "కానియ్యి" అన్నాను.

వాడు చదివే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. ప్రతి మాటకూ చివరి అర్థం దగ్గర గొంతు దించేస్తాడు, ఆ మాటకు ఇక అంతకుమించి ఏమీ లేనట్టు. ఉంటుంది. ఇవాళ అలా దించినప్పుడల్లా ఆపి మళ్ళీ చదివించాను. విసుక్కున్నాడు. చదివాడు.